తేనె పెట్టిన వేలు

ఆర్మూరు,
11 ఫిబ్రవరి 1947, మంగళవారం

చిరంజీవి దేవిదాస్‌కు,

మామ వెంకటరాజం ఆశీస్సులు. నిన్న సోమవారం పొద్దున ఎనిమిది దాటాక విమలకు మగబిడ్డ పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. రంగు మీ వైపు. ఏడుపు గట్టిది, అదీ మీ వైపే అని మీ అత్త కాంతమ్మ అంటోంది.

నీవు జనవరిలో రాసిన ప్రకారమే చేశాను. మొదటి తేనె ఎవరు పెడితే వాళ్ల గుణం బిడ్డకు వస్తుందనీ, నీ కోపం వాడికి రాకూడదనీ, నా నిదానం రావాలనీ రాశావు. నా దగ్గర వేరే ఏమీ లేదు కనుక ఆ నిదానమే ఇచ్చాను.

చేతిరాత వంకరగా ఉన్నందుకు ఏమీ అనుకోకు. సరుకు అమ్మిపెట్టే మా అడ్తి దుకాణాల్లో రైతు తెచ్చిన పసుపును కంటితో చూసి మంచిచెడ్డలు చెప్పరు. కొమ్ము విరిచి, లోపలి రంగు గోటితో గీకి చెబుతారు. శనివారం దొంకేశ్వర్ రైతు సరుకు అలా చూస్తుండగా ఒక పుల్ల కుడి చూపుడువేలి గోటి కింద దిగింది. గోరుచుట్టు లేచింది. వేలికి నిమ్మకాయ తొడుక్కొని తిరుగుతున్నాను. తేనె పెట్టేముందు నిమ్మకాయ తీసి, వేలు కడుక్కొని, పంచెకు తుడుచుకున్నాను.

పెర్కిట్ నుంచి వచ్చిన మంత్రసాని లస్మవ్వ బిడ్డను ఒళ్లో పెట్టుకొని నా వేలు చూసి, "సేటూ, గా ఏలు వద్దు. గీ ఎడమచెయ్యితోని పెట్టరాదు" అన్నది.

"ఎడమచెయ్యితోని తేనె పెడ్తరానే? రేపు పిలగాడు పెద్దోళ్లకు దండం గూడ ఎడమచెయ్యితోనే పెడ్తడు" అన్నది మీ అత్త. ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. లస్మవ్వ మరేమీ అనలేదు.

ఒక సంగతి. బిడ్డ పుట్టిన నక్షత్రానికి శాంతి చేయించాలట. అది జరిగే వరకు తండ్రి బిడ్డ ముఖం చూడకూడదనీ, ఆ రోజు కూడా ముందు నూనెలో నీడ చూడాలనీ పురోహితుడు చెప్పాడు. ఉగాది దాటాక ముహూర్తం పెట్టాడు. అందాకా ఓర్చుకో.

మిగతా సంగతులు మళ్లీ.

ఇట్లు,
మీ మామ
వెంకటరాజం


హైదరాబాదు,
15 ఫిబ్రవరి 1947

పూజ్యులైన మామగారికి దేవిదాస్ పాదాభివందనములు.

మీ ఉత్తరం దుకాణంలో అందరి ముందే చదివాను. 'మగబిడ్డ' అన్న మాటే మూడుసార్లు చదివాను. మా మందుల దుకాణం కాంపౌండర్ కాగితం లాక్కొని మిగతాది ఆయనే చదివాడు. ఎడమచేత్తో తేనె పెట్టమన్న మంత్రసాని తెలివికి అందరం నవ్వుకున్నాం. అత్తమ్మ జవాబు రెండుసార్లు చదివించారు.

మామగారూ, మీరు ఎప్పుడూ సగం కాగితం ఖాళీ వదులుతారు. ఈసారి అలా చేయకండి. జుట్టు ఉందా? కళ్లు తెరుస్తున్నాడా? విమల ఏం తింటోంది? నన్ను అడిగిందా? నా కొడుకును నేను మొదటిసారి గారెను చూసినట్టు నూనెలో చూడాలా? ఆ పురోహితుడికి పిల్లలు ఉన్నారా అని కనుక్కోండి. ఉగాది దాకా ఎలా ఉండమంటారు? సీసాల మీద చీటీలు తప్పుగా అంటిస్తున్నానని యజమాని నిన్న రెండుసార్లు అరిచాడు.

మీ అన్నగారి కొడుకు గంగాదాస్ పసుపు అప్పజెప్పి రేపు తిరిగి వస్తున్నాడు. అతనితో జ్వరం చూసే గాజుపుల్ల పంపుతున్నాను. బిడ్డ చంకలో పెట్టి చూడాలి. అవసరం రాకూడదు గాని, మందుల దుకాణంలో పనిచేసేవాడి కొడుక్కి అది లేకపోతే నామోషీ. మీరు రోజూ పుస్తకంలో ఒక పంక్తి రాస్తారు కదా, ఎండ, గాలి, వచ్చినవాళ్లు, పోయినవాళ్లు. ఇక నుంచి అందులో నా కొడుకు కూడా ఉండాలి.

మీ వేలు ఎలా ఉంది? నిమ్మకాయ రోజూ మారుస్తున్నారా?

మీ ఉత్తరం కోసం తలుపు దగ్గరే నిలబడే,
మీ అల్లుడు
దేవిదాస్


ఆర్మూరు,
21 ఫిబ్రవరి 1947

చిరంజీవి దేవిదాస్‌కు,

ఆశీస్సులు. గాజుపుల్ల పగలకుండా చేరింది. వాడటం తెలిసింది.

జుట్టు ఉంది. కళ్లు తెరుస్తున్నాడు. విమల నిన్ను రోజూ అడుగుతోంది.

బిడ్డ మూడు రోజులుగా కొద్దిగా వెచ్చగా ఉన్నాడు. పాలు కొంచెం తక్కువ తాగుతున్నాడు. మీ అత్త దిష్టి తీసింది. వేడి చేసి ఉంటుందని తారాబాయి పెద్దమ్మ ఆముదం రాయించింది. అందరం ఉన్నాం. నీవు ఫికర్ చేయవలసినది లేదు.

నా వేలు మానింది.

మీ మామ
వెంకటరాజం


హైదరాబాదు,
24 ఫిబ్రవరి 1947

మామగారికి,

నమస్కారం.

మీ ఉత్తరం పొద్దున వచ్చింది. మధ్యాహ్నం గంగాదాస్ మళ్లీ హైదరాబాదు వచ్చి, దుకాణంలో చాయ తాగుతూ, ఊళ్లో సంగతి ఏదో చెప్పినట్టు చెప్పాడు. "బావా, పిలగాని కుడి రెక్క పనిచేస్తలేదట గద. మంత్రసాని నీళ్లు పోసేటప్పుడు గుంజిందట. ముట్టుకుంటె మస్తు ఏడుస్తుండట. మీ మామ నీకు రాయలేదా?"

రాయలేదు. నా చేతిలో ఉన్న సీసా ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

'కొద్దిగా వెచ్చగా', 'పాలు కొంచెం తక్కువ', 'ఫికర్ చేయవలసినది లేదు'. మీ ఉత్తరం ఇప్పటికి పదిసార్లు చదివాను. అందులో చెయ్యి అనే మాట ఎక్కడా లేదు. మీ వేలు మానిందని రాశారు. నా కొడుకు చెయ్యి లేవడం లేదని రాయడానికి మీకు కాగితం చాలలేదా?

మంత్రసాని గుంజిందంటే ఎముక విరిగిందా? కీలు జారిందా? కట్టు కట్టించారా, లేక ఇంకా దిష్టి తీస్తున్నారా? ఎడమచెయ్యి అంటూ ముందు నుంచీ వంకర మాటలు మాట్లాడిన ఆమెను ఇంట్లో ఎందుకు ఉంచారు? ఆమె ఇక మన గడప తొక్కకూడదు.

నేను పరాయివాణ్ణని దాచారా? శాంతి ఖర్చు మా వైపు వాళ్లు పెట్టుకోవాలని మా అమ్మ అన్న మాట మీ దాకా వచ్చి, దానికి కోపమా? కోపం ఉంటే నా మీద తీర్చుకోండి. విమలతో నాలుగు అక్షరాలు రాయించండి. లేకపోతే నక్షత్రం సంగతి పక్కన పెట్టి వచ్చేస్తాను.

దేవిదాస్


నిజామాబాదు దవాఖానా,
27 ఫిబ్రవరి 1947

చిరంజీవి దేవిదాస్‌కు,

ఆశీస్సులు. మొన్న తంతి ఆఫీసుకు పోయి నీకు తారు ఇచ్చాను. అందులో పెన్సిలిన్ అన్న మాట తప్ప మిగతావి ఇమడలేదు. నీ ఉత్తరం నిన్న మా దుకాణం హమాలీ ముత్తెన్న ఇక్కడికి తెచ్చాడు. మీ అమ్మ అన్న మాట నాకు తెలియదు. నీవు రాస్తేనే తెలిసింది. కోపం లేదు. భయపెట్టకూడదని రాయలేదు. అది తప్పు.

ఇప్పుడు అంతా రాస్తాను.

పద్దెనిమిదో తారీఖున లస్మవ్వ నీళ్లు పోయడానికి బిడ్డను కాళ్ల మీద వేసుకొని, వెంటనే తీసి విమలకు ఇచ్చేసింది. "అమ్మా, పిలగాడు కుడి రెక్క ఎత్తుతలేడు. నేను నీళ్లు పోయ. డాక్టరుకు చూపియ్యుండ్రి" అన్నది. "నిన్న నువ్వే గుంజినవ్, గియ్యాల డాక్టరంటవా?" అని మీ అత్త ఆమెను పంపేసింది. తర్వాత ఆరు రోజులు మేము ఆముదం రాశాం. ఆ ఆరు రోజులు నా పుస్తకంలో ఉన్నాయి.

సోమవారం బిడ్డ పాలు పూర్తిగా మానాడు. మూలిగాడే గాని ఏడవలేదు. నిజామాబాదు బయలుదేరితే బస్సు మాక్లూర్‌లో ఆగిపోయింది, ఇంజనులో నీళ్లు మరిగాయి. గంటసేపు రోడ్డు పక్కన నిలబడ్డాం. విమల పమిట బిడ్డకు అడ్డంపెట్టి, నా వైపు చూసింది.

ఇక్కడి డాక్టరమ్మ చేయి ముట్టుకోగానే ఎముక విరగలేదని చెప్పింది. భుజంలోకి సూది దించింది. చీము వచ్చింది. విమల తల తిప్పుకుంది. నేను చూశాను. ఎవరూ గుంజలేదట. ఇది కంటికి కనపడని పురుగు పనట. పెద్దది చేసి చూపే అద్దంలో పూసల దండలాగా ఉంటుందట. పేరు అడిగి రాసుకున్నాను, స్ట్రెప్టోకాకస్. అది బిడ్డ నెత్తురులో కలిసి భుజంలో దిగిందట. పెద్దవాళ్లకు గొంతులోనో పుండులోనో ఉండి పోతుంది, పదిరోజుల బిడ్డకు మాత్రం ప్రాణం మీదికి తెస్తుందని చెప్పింది. ఇక్కడ ఉన్న మాత్రలు ఇస్తున్నారు. అవి చాలవట. పెన్సిలిన్ ఇక్కడ దొరకదు. నీవు ఎలాగైనా పంపాలి.

బిడ్డను ముట్టుకున్నవాళ్లలో ఎవరికైనా గొంతునొప్పి, పుండు, చీము పట్టిన గాయం ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగింది. "మంత్రసాని ముట్టుకున్నది" అన్నది మీ అత్త. ఆమెను తీసుకురమ్మన్నారు.

ఇంకెవరూ ఏమీ చెప్పలేదు.

మీ మామ
వెంకటరాజం


హైదరాబాదు,
1 మార్చి 1947

మామగారికి నమస్కారములు.

తారు అందిన రోజే యజమాని కాళ్లు పట్టుకున్నాను. మా దగ్గర పెన్సిలిన్ బుడ్లు నాలుగే ఉన్నాయి. మిగతావి సికింద్రాబాదులో ఒక మిలిటరీ డాక్టరు దగ్గర కాంపౌండర్ అడిగి తెచ్చాడు. మొత్తం పన్నెండు బుడ్లు పత్తిలో చుట్టి రైలు గార్డు చేతికి ఇస్తున్నాను. స్టేషన్లో మనిషిని నిలబెట్టండి. రెండో విడత నాలుగు రోజుల్లో వస్తుంది.

పొడిగా ఉన్నంతసేపు భయం లేదు. నీళ్లలో కలిపాక మంచులో ఉంచాలి. మూడు గంటలకొక సూది, ఒక్కటి కూడా తప్పకూడదు. మంచుగడ్డ సికింద్రాబాదు నుంచి రోజూ రైలులో వచ్చేటట్టు చేశాను. గోనెలో, పొట్టులో కప్పి ఉంటుంది. సగం కరిగే వస్తుంది, మిగతా సగం సరిపోతుంది.

ఆ పురుగు చేతుల నుంచే ఎక్కుతుందని కాంపౌండర్ చెప్పాడు. ఇల్లిల్లూ తిరిగి పురుళ్లు పోసే చేతులు ఎవరివో నాకు ఒకరు చెప్పాలా? మీరు నోరు తెరవరని తెలుసు. కాబట్టి నేనే మీ ఊరి పెద్ద లక్ష్మీరాజం గారికి ఉత్తరం రాశాను. ఆర్మూరులో, పెర్కిట్‌లో ఏ ఇంటివాళ్లూ లస్మవ్వను పురుటికి పిలవకుండా చూడమని. ఇంకొకరి బిడ్డకు ఇలా కాకూడదు.

బిడ్డ నిన్న ఎలా ఉన్నాడు? ఈ రోజు? ఈ క్షణం? మీరు ఎంత త్వరగా రాసినా అది రెండు రోజుల కిందటి బిడ్డ సంగతి అవుతోంది. ఈ రెండు రోజుల దూరమే నన్ను తినేస్తోంది.

దేవిదాస్


నిజామాబాదు దవాఖానా,
7 మార్చి 1947

చిరంజీవి దేవిదాస్‌కు,

ఆశీస్సులు. బుడ్లు ఒక్కటీ పగలలేదు. మూడో తారీఖు పొద్దున ఆరింటికి మొదటి సూది. అప్పటి నుంచి మూడేసి గంటలకు ఒకటి తప్పలేదు. నర్సు మరిచిపోకుండా నేను వాకిట్లో గడియారం పట్టుకొని కూర్చుంటున్నాను. నన్ను చూస్తే ఆమెకు విసుగు.

మందుకు ముందు రోజు జ్వరం నూట మూడున్నర. నాలుగో తారీఖు నూట రెండు. ఐదున మళ్లీ నూట మూడు, ఆ రోజు మేమెవరం అన్నం తినలేదు. నిన్న నూట ఒకటి. ఈ పొద్దున వంద. పాలు నిన్న నాలుగుసార్లు తాగాడు, ఈ రోజు ఇప్పటికే మూడు. భుజం నుంచి ఇంకొకసారి చీము తీశారు. ఏడ్చాడు. గట్టిగా ఏడ్చినందుకు డాక్టరమ్మ సంతోషపడింది. గండం ఇంకా దాటలేదని కూడా చెప్పింది.

మంచుగడ్డను ముత్తెన్న రోజూ స్టేషన్ నుంచి తల మీద తెస్తున్నాడు. "సేటూ, ముప్పై ఏండ్ల సంది పసుపు బస్తలు మోసిన గని, గిట్ల ఏడ్చే బస్త ఎన్నడు మోయలె" అంటాడు. ముఖం నిండా నీళ్లు కారుతుంటే అందులో ఏవి మంచు నీళ్లో తెలియదు.

నా పుస్తకం చూసి డాక్టరమ్మ, "ఇది ఎవరు రాశారు? మా వాళ్లు ఇంత వివరంగా రాయరు" అన్నది. నేను బడికి పోలేదనీ, పసుపు బస్తాల మీద ఊళ్ల పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాననీ మీ అత్త చెప్పింది. బిడ్డ పుట్టిన రోజు నుంచి చదివి వినిపించమంది డాక్టరమ్మ. చదివాను.

లస్మవ్వ వచ్చింది. చేతులు, గోళ్లు, గొంతు అన్నీ చూశారు. ఏమీ లేదు. చేయి లేవడం లేదని మొదట కనిపెట్టింది ఈమేనా అని డాక్టరమ్మ అడిగి, ఆరు రోజులు ముందే వినవలసింది అని మా అందరినీ చూసి అన్నది. అయినా నీ ఉత్తరం లక్ష్మీరాజం చదివి ఊరంతా చెప్పాడు. మొన్న ఒక పురుటికి పోతే లస్మవ్వను గుమ్మం దగ్గరి నుంచే పంపేశారట. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి పిల్లలందరికీ ఆమే బొడ్డు కోసింది.

నీకు ఒక మాట రాయాలి. మూడుసార్లు కాగితం తీశాను. ఈ రోజు రాయలేను. నీవు ధైర్యంగా ఉండాలి.

మీ మామ
వెంకటరాజం


హైదరాబాదు,
10 మార్చి 1947

మామగారికి,

'ధైర్యంగా ఉండాలి' అని ఎవరికి రాస్తారు? ఏ సంగతి చెప్పే ముందు రాస్తారు? జ్వరం వందకు దిగిందని రాసి, పాలు తాగాడని రాసి, చివర ఆ మాట ఎందుకు రాశారు? పైన రాసినదంతా నన్ను మెల్లగా దించడానికేనా? చేయి తీసేస్తున్నారా? లేక

ఆ వాక్యం పూర్తి చేయను.

సాయంత్రం బండికి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కన్నా నేనే ముందు చేరతాను. అయినా బండి టైము దాకా చేతులు ఊరుకోక రాస్తున్నాను. నూనె వద్దు, శాంతి వద్దు. ఎలా ఉన్నా సరే నా కొడుకు ముఖం నేను చూస్తాను.

దేవిదాస్


ఆర్మూరు,
14 మార్చి 1947

చిరంజీవి దేవిదాస్‌కు,

పదకొండో తారీఖున నీవు దవాఖానాకు వచ్చి బిడ్డను చూశావని, చూసి బయట అరుగు మీద కూర్చొని ఏడ్చావని, రెండు రోజులు ఉండి వెళ్లావని మీ అత్త చెప్పింది. నేను ఎక్కడ అని అడిగావట. దుకాణం పని మీద పోయానని వాళ్లు చెప్పారట. అది అబద్ధం. నేను చెప్పమన్న అబద్ధం. నీవు గేటు దాటి రావడం చూసి, ఎదురుపడే ధైర్యం లేక వెనక నుంచి పోయాను.

రాయలేకపోయిన మాట బిడ్డ ప్రాణం గురించి కాదు. నిన్ను అలా భయపెట్టినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ మాట ఇది. ఆ రోగం నా వేలి నుంచి వచ్చింది.

ఏడో తారీఖున డాక్టరమ్మ బిడ్డ పుట్టిన రోజు నుంచి చదవమన్నది. దానికి ముందు పేజీ నా బొటనవేలి కింద ఉంది. నేను తిప్పలేదు. పదో తారీఖున నేనే ఆమె గదికి పోయి చదివాను. 'శనివారం. కుడి చూపుడువేలికి పసుపు పుల్ల. ఆదివారం. వేలు వాచింది. మోచేతి దాకా ఎర్రగీత. చలిజ్వరం. సోమవారం. మనవడు. తేనె పెట్టాను.'

ఆమె నా వేలు పట్టుకొని మానిన మచ్చ చూసింది. ఎర్రగీత ఎంత దూరం పాకిందని అడిగింది. చూపించాను. ప్రమాణం చేసి చెప్పలేను గాని ఆ గీత ఈ పురుగు గీసేదే, ఆ వేలు బిడ్డ నోట్లో పెట్టకుండా ఉండవలసింది అన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మొదటి రోజే చెబితే మందు మారేదా అని అడిగాను. మందు మారేది కాదు, ఆ మంత్రసాని బతుకు మాత్రం చెడకుండా ఉండేది అన్నది.

నీవు వచ్చిన రోజు నేను పెర్కిట్ పోయాను. లస్మవ్వ వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"ఏం సేటూ, ఎండల గిట్లొచ్చినవ్? పిలగాడు పాలు తాగుతుండా?"

తాగుతున్నాడని చెప్పి, నిలబడే ఆ మాట చెప్పాను.

"నాకెర్కే" అన్నది. తల ఎత్తలేదు. "నిమ్మకాయ తీసినప్పుడే ఏలు కొసకు చీము కనపడ్డది. చెప్తే నవ్వితిరి. నవ్వినోళ్లకు రెండోసారి చెప్పుడు నాకు అలవాటు లేదు. చెప్పేదుండె. గది నా తప్పు."

ఆమె నా మీద ఉమ్మినా ఆ మాట తగిలినంతగా తగిలేది కాదు.

"గీ మాట నాకొక్కదానికే చెప్తవా, ఊరుకు చెప్తవా?" అని అడిగింది. చెబుతానన్నాను. "నడు మరి" అని కొంగు దులుపుకొని లేచింది. నా ముందు నడిచింది.

లక్ష్మీరాజం దుకాణం ముందు బేరాలు సాగుతున్నాయి. రైతులు, అడ్తివాళ్లు, హమాలీలు అందరూ ఉన్నారు. నేను పసుపు కుప్ప పక్కన నిలబడి వేలు ఎత్తి చూపించి చెప్పాను. లస్మవ్వ చేతులు డాక్టరమ్మ చూసి మంచివని చెప్పిందని చెప్పాను. ఎడమచేత్తో పెట్టమని ఆమె చెబితే మేము నవ్వామని చెప్పాను.

"ఏంది వెంకటరాజం, ముప్పై ఏండ్లల గింత పొడుగు మాట మాట్లాడంగ నేను వినలే" అన్నాడు లక్ష్మీరాజం. ఎవరూ నవ్వలేదు. ఒక రైతు తన చేతిలో ఉన్న కొమ్మును విరవకుండా కుప్పలో వేశాడు.

నీవు నిదానం అడిగావు. నా నిదానంలో ఈ దాపరికం కూడా ఉంది. విమలకు చెప్పాను. అప్పటి నుంచి ఆమె బిడ్డను నా చేతికి ఇవ్వడం లేదు. అది న్యాయమే.

వెంకటరాజం


ఆర్మూరు,
20 ఏప్రిల్ 1947

చిరంజీవి దేవిదాస్‌కు,

నీ జవాబు లేదు. అడగడం లేదు. బిడ్డ సంగతి నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

ఇరవై ఎనిమిది రోజులుగా జ్వరం లేదు. ఇంటికి వచ్చి మూడు వారాలైంది. బుగ్గలు వచ్చాయి. కుడి చేయి ఛాతీ దాకా లేస్తోంది, అంతకు పైకి రాదు. కీలు దెబ్బతిన్నదనీ, కొంత బాగుపడవచ్చు గాని పూర్తిగా లేస్తుందని మాట ఇవ్వలేననీ డాక్టరమ్మ చెప్పింది. దీపం చూపిస్తే ఎడమ చేయే చాస్తాడు.

లస్మవ్వ మళ్లీ నీళ్లు పోస్తోంది. పిలవడానికి మీ అత్తే పెర్కిట్ పోయింది. ఒక షరతు మీద వచ్చింది. బిడ్డను ముట్టుకునేవాళ్లందరూ ఆమె ముందు సబ్బుతో చేతులు కడగాలి, గోళ్లు చూపించాలి. పురోహితుడి గోళ్లు కూడా చూసింది. "గోళ్లు జర వెలుగుల పట్టు సేటూ" అని నన్ను రోజూ గడప బయట నిలబెడుతుంది. ఇప్పుడు ఊళ్లో నాలుగిళ్లలో ఇదే పద్ధతి.

బిడ్డకు పేరు పెట్టలేదు. నీవు రాస్తే పెడతాం.

వెంకటరాజం


హైదరాబాదు,
18 జూన్ 1947

పూజ్యులైన మామగారికి దేవిదాస్ నమస్కారములు.

నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. మొదటి దానిలో మిమ్మల్ని అనకూడని మాటలు ఉన్నాయి. రెండో దానిలో క్షమించాను, కాని అది అబద్ధం అనిపించింది. మిగతా రెండూ గుర్తు లేవు.

ఆ వేలి తేనె నేను అడిగిందే. గోరుచుట్టు సంగతి మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. లస్మవ్వ మాటా రాశారు. మందుల సీసాల మధ్య కూర్చొని నేను నవ్వాను. నిమ్మకాయ మార్చమన్నాను. మా కాంపౌండరూ నవ్వాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆమె మీద రాసిన నా ఉత్తరాన్ని లక్ష్మీరాజం గారి దగ్గరి నుంచి తిరిగి తెప్పించుకున్నాను. లస్మవ్వకు నేను స్వయంగా చెప్పుకోవాలి. ఉత్తరంలో చెప్పేది కాదు అది.

మీరు వేలి సంగతి దాచినందుకు కోపం తగ్గింది. నన్ను చూడకుండా పారిపోయినందుకు తగ్గలేదు. ఆ రెండు రోజులూ అరుగు మీద మీ గడియారం ఒక్కటే ఉంది. మీరు ఉంటే బాగుండేది.

పేరు నారాయణదాస్. మా తాతగారిది.

ఆరో నెల నిండగానే అన్నప్రాశన. నేను వస్తున్నాను. మొదటి ముద్ద మీరే పెట్టాలి. మా అమ్మకు చెప్పాను, విమలకు రాశాను. విమల నాలుగు రోజులు ఆలోచించి సరే అన్నది. నాది ఒక్క షరతు. వాడు రేపు ఏ చేత్తో తింటాడో ఆ చేత్తో పెట్టాలి. ఎడమ చేత్తో. ఊరంతా చూస్తుండగా. మన ఇంట్లో ఎడమ చేతిని చూసి ఇక ఎవరూ నవ్వకూడదు, వాణ్ణి చూసి అసలే నవ్వకూడదు.

మీరు ఉత్తరం కింద 'మామ' అని రాయడం మానేశారు. గమనించాను.

మీ అల్లుడు
దేవిదాస్


ఆర్మూరు,
26 జూన్ 1947

చిరంజీవి దేవిదాస్‌కు,

ఆశీస్సులు. ఉత్తరం అందింది. మీ అత్తకు చదివి వినిపించాను. విమల తలుపు పక్కన నిలబడి విన్నది. చదవడం అయ్యాక నారాయణదాసును తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను చేతులు కడుక్కొని వస్తానన్నాను. "ఇప్పుడే గద కడిగినవ్ నాయనా" అన్నది. మళ్లీ కడుక్కొని వచ్చి తీసుకున్నాను.

పురోహితుడు ఎడమ చేయి కుదరదన్నాడు. "గోళ్లు చూపియ్యుమంటె చూపియ్యలేదా, గిది గూడ గంతే" అన్నది లస్మవ్వ. ఆయన ఒప్పుకున్నాడు.

నీ షరతు ప్రకారం చేస్తాను. కాని అరవై ఏళ్లు రాని పని ఒక్క రోజులో రాదు. ఉత్తరం వచ్చిన పూట నుంచి నేను ఎడమ చేత్తో అన్నం తింటున్నాను. ముద్ద నిలవదు. పప్పు మోచేతి దాకా కారుతోంది. మీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది గాని నవ్వడం లేదు. నిన్న పదకొండు ముద్దల్లో నాలుగు నోటి దాకా వచ్చాయి. ఈ పొద్దున ఆరు.

ఇంకా నెలన్నర ఉంది. వస్తుంది.

మీ మామ
వెంకటరాజం